పదకొండో కప్పు

మా ఉత్తరాలన్నీ నమస్కారంతోనే మొదలవుతాయి.
"గౌరవనీయ మంత్రిత్వ శాఖకు
మా రాయబార కార్యాలయం సవినయంగా
విన్నవించుకునేది ఏమనగా..."
ఏమనగా, మా మనిషి మీ కొట్లో ఉంది.
ఏమనగా, ఆమె కళ్లద్దాలు పగిలి నలభై రోజులు.
ఈ రెండో రకం ఏమనగాలు చిత్తుప్రతిలోనే ఆగిపోతాయి.
రాసింది కొట్టేయడమే నా కొలువు.

టాలిన్ నుంచి వాళ్లక్క మాలె
ప్రతి సోమవారం ఫోన్ చేస్తుంది.
"ఏమైనా తెలిసిందా?"
"ప్రయత్నాలు కొనసాగుతున్నాయి."
ఎన్నిసార్లు వాడానో ఆ వాక్యాన్ని,
అరిగిన నాణెంలా దాని మీద బొమ్మ మిగల్లేదు.
ఒక సోమవారం నాకన్నా ముందే ఆవిడ
"కొనసాగుతున్నాయిలే" అని
పెట్టేసింది.

నెలకోసారి ఇరవై నిమిషాలు.
నడుమ బల్ల. బల్ల చివర గడియారం, కాపలావాడు,
జైలువాళ్లు కూర్చోబెట్టిన దుబాసీ గుల్షారా.
మేమనుకునే ప్రతి మాటా ఆమె నోటి మీదుగా
వాడి చెవికి చేరాకే తర్వాతి మాట.
కేసు ఊసెత్తకూడదు. వాతావరణమైతే పర్లేదు.
హెల్వి ఓయావేర్,
పదహారేళ్లు మంత్రుల్ని ప్రశ్నలతో చెమటలు పట్టించిన మనిషి,
"మనూళ్లో మంచు పడిందా?" అని అడుగుతుంది
నా టై వైపు చూస్తూ.

ఒకసారి నోరు జారింది.
"రాత్రుళ్లు లైటు ఆర్పరు. నిద్రనేదే లేదు."
గుల్షారా ఒక్క క్షణం గుటకేసి
వాడికేదో చెప్పింది. వాడు నవ్వాడు.
బయట మెట్ల మీద అడిగాను, ఏం చెప్పారని.
"మీ దేశంలో వేసవి రాత్రుళ్లు చీకటే పడదటగా,
అది తలుచుకుంటోందన్నాను."
చేతితొడుగులు వేసుకుంటూ, నన్ను చూడకుండా అంది.
ఈ సంగతి నేను ఏ నివేదికలోనూ రాయలేదు.

తర్వాత మస్కట్. మార్చి.
హిలాల్ అల్ రియామీ గారి మేడ మీద
ఆ గదిలో వాళ్లు, ఈ గదిలో మేము,
మధ్య వసారాలో ఆయన చెప్పుల చప్పుడు.
మాట ఆయన వెంట వెళ్తుంది,
సగం అయి తిరిగొస్తుంది.
చిట్టి కప్పుల్లో యాలకుల కాఫీ.
ఇక చాలనుకుంటే కప్పు కాస్త ఊపాలట,
ఊపనంతసేపూ పోస్తూనే ఉంటాడు కుర్రాడు.
ఊపితే లేవాలి. లేస్తే మరో ఆర్నెల్లు.
నేను ఊపలేదు.
ఏడో కప్పుకి గుండె దడ.
తొమ్మిదో కప్పుకి మా రాయబారి నిద్రలోకి జారింది, కళ్లు తెరిచే.
పదకొండో కప్పు పోస్తుండగా
ఆయనొచ్చి, మడిచిన కాగితం బల్ల మీద పెట్టారు.
అందులో ఒక పేరు. మా జైల్లోని మనిషిది.
కింద షరతులు.
మూడోది: దీని గురించి ఎవరూ ఏమీ రాయరాదు.
అందుకే ఆ ఊరి పేరు ఇక్కడ లేదు.

రెండు విమానాలు. మధ్యన కాలుతున్న తారు.
అటునుంచి ఆమె, ఇటునుంచి అతను,
బూట్లకు లేసులు లేవు ఇద్దరికీ,
ఇద్దరిదీ అదే నడక, మడమ ఈడ్చుకుంటూ.
అతని చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో దువ్వెన.
ఎదురుపడ్డ చోట ఎవరూ ఆగలేదు.
ఆగొద్దని ముందే చెప్పాం.

మెట్ల దగ్గర ఆమెకి మాలె పంపిన నల్ల రొట్టె ఇచ్చాను.
వాసన చూసి చంకలో పెట్టుకుంది.
చీలిన అద్దంలోంచి వెనక్కి చూసింది,
మూతపడుతున్న ఆ రెండో తలుపు వైపు.
"ఆయన పేరేంటి?"
నాకు తెలుసు. చెప్పకూడదు.
"మనం ఆయన్నెందుకు పట్టుకున్నాం?"
అదీ తెలుసు, కొంత.
ప్రయత్నాలు... అని నోటిదాకా వచ్చి
సిగ్గేసి ఆగాను.

దుబాసీ లేదు. గడియారం లేదు.
మొట్టమొదటిసారి మా భాషలో, మా ఇద్దరి మధ్యే,
ఒక ప్రశ్న అలాగే నిలబడి ఉంది.
ఆమె చెయ్యి నా కోటు జేబుదాకా వచ్చింది,
పెన్ను కోసం.
ఇచ్చాను.
మూడో షరతులో పెన్ను మాట లేదు.